పద్యం, అడుగు, పాత గోడ: చెన్నైలో ఆర్కిటెక్చర్ చదివే తెలుగు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, తిరుపతి, గుంటూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో బి.ఆర్క్ చదివే పిల్లలు ప్రతి సెమిస్టర్ మొదట్లో నాకు ఒకే రకం మెసేజ్‌లు పెడతారు. "అక్కా, కవిత ఇచ్చి బిల్డింగ్ చేయమన్నారు", "అక్కా, డాన్స్ నుంచి ఫామ్ తీయమన్నారు". విడివిడిగా జవాబులు రాసి రాసి విసుగొచ్చింది. అందుకే అన్నీ ఇక్కడ పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌటు ఏ దశలో ఉందో అక్కడికి వెళ్లండి.

## బ్రీఫ్ (ఏం డిజైన్ చేయాలో చెప్పే కాగితం) చేతికొచ్చిన వారం

అక్కా, కవితని బిల్డింగ్‌గా మార్చమన్నారు. ఇది జోకా, నిజంగానా?

నిజమే. ఈ అలవాటుకి యాభై ఏళ్లు దాటింది. 1970ల మధ్యలో లండన్‌లోని ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూల్లో ఆర్కిటెక్ట్ బెర్నార్డ్ చుమి తన విద్యార్థులకు గదుల లిస్టు బదులు కాఫ్కా, కాల్వినో, పో లాంటి రచయితల పేజీలు ఇచ్చి వాటి మీద డిజైన్ చేయమన్నాడు. గదుల లిస్టు ఇస్తే మనందరం ఏం చేస్తామో తెలుసుగా, మధ్యలో కారిడార్, అటూ ఇటూ గదులు. రచనలో ఆ లిస్టు ఉండదు. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ వరసలో వెళ్తారు, దారిలో ఏం ఎదురవుతుంది అన్నది మీరే తేల్చుకోవాలి. ఫ్యాకల్టీ చూడాలనుకునేది ఆ తేల్చుకోవడమే. లిస్టు ఇవ్వలేదు కదా అని టాయిలెట్లు లేకుండా మాత్రం రివ్యూకి వెళ్లకండి, మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

సాహిత్యం, నాట్యం, పాత భవనం మూడూ ఆప్షన్లు ఇచ్చారు. ఏది ఈజీ?

ఈజీ ఏదీ కాదు గానీ, మీకు ఏది రోజూ అందుబాటులో ఉంటుందో అది తీసుకోండి. పన్నెండు వారాల సెమిస్టర్‌లో కనీసం పదిసార్లు మూలం దగ్గరకి తిరిగి వెళ్లాలి. పుస్తకం బ్యాగులో ఉంటుంది. భవనం బస్సు దూరంలో ఉండాలి. నాట్యం అయితే మీ కోసం మళ్లీ మళ్లీ అడుగులు వేసి చూపించే మనిషి కావాలి. హాస్టల్లో కూచిపూడి నేర్చుకున్న ఫ్రెండ్ ఉంటే అది పెద్ద ఆస్తి.

మూడూ ఒకేచోట కావాలంటే నా ఓటు ఎగ్మూర్ మ్యూజియంలోని అమరావతి గ్యాలరీకి. బుద్ధుడి కథలు చెక్కిన పలకలు, ప్రదక్షిణ అనే నడక, ఇప్పుడు మట్టిదిబ్బగా మిగిలిన ఒక స్తూపం అన్నీ అక్కడ కలుస్తాయి. కొన్ని పలకల మీద ఆ స్తూపాన్నే చిన్నగా చెక్కారు. భవనం తన బొమ్మని తన ఒంటి మీదే మోసిందన్న మాట. గుంటూరు పిల్లలు ఐదేళ్లు చెన్నైలో ఉండి కూడా దీన్ని చూడకుండా వెళ్లిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తెలుగు రచన తీసుకుంటే తమిళ మేడమ్‌కి అర్థమవుతుందా?

అవుతుంది. మొత్తం అనువాదం ఇవ్వకండి. మీరు వాడుకున్న ఒక్క పేజీని మీ మాటల్లో ఇంగ్లీషులో రాసి షీట్ మూలన పెట్టండి, జ్యూరీ (ప్రాజెక్టు చూసి ప్రశ్నలడిగే ప్యానెల్) రోజు తెలుగులో నాలుగు పంక్తులు పైకి చదవండి. లయ వినిపిస్తే సగం పని అయిపోయినట్టే. పద్యమైతే ఇంకా సులువు. తిరుక్కురళ్‌లో మొదటి పాదానికి నాలుగు సీర్లు (మన గణాల్లాంటివి), రెండో పాదానికి మూడు అని ఇక్కడ చదువుకున్నవాళ్లకి చిన్నప్పటి నుంచే తెలుసు. "మా దగ్గర గణాలు ఇలా ఉంటాయి మేడమ్" అనగానే పట్టేస్తారు. ఎటొచ్చీ ఇబ్బంది మన వాళ్లతోనే. తెలుగు జ్యూరర్ వస్తే కథ గురించి వాదన మొదలై ప్లాన్ పక్కకి పోతుంది.

పుస్తకం మొత్తం చదవాలా? సమ్మరీ సరిపోదా?

సమ్మరీలో కథ ఉంటుంది. మీకు కావాల్సినవి దాన్ని చెప్పిన తీరు, వాక్యం పొడవు, అధ్యాయాల కొలత, దాచినవి, తిరిగొచ్చినవి. సమ్మరీ రాసేవాడు ముందు తీసేసేది వాటినే. నవల పెద్దదనిపిస్తే కథానిక తీసుకోండి, పద్యం తీసుకోండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

థీసిస్‌కి ఇలాంటి టాపిక్ పనికొస్తుందా, లేక మూడో సంవత్సరం వరకేనా?

పనికొస్తుంది, కానీ దానికి నిజమైన అవసరం, నిజమైన సైట్ తోడవ్వాలి. "కవిత్వ భవనం" అని టాపిక్ రాస్తే గైడ్ వెనక్కి పంపిస్తారు. గ్రంథాలయం, నాట్య పాఠశాల, మ్యూజియం, వీధి మధ్య చిన్న నాటకశాల లాంటి ప్రోగ్రామ్ పెట్టుకుని, రచన దాన్ని ఎలా నడిపిస్తుందో చూపించండి.

## రచన నుంచి మొదలుపెట్టేవాళ్లకి

భావాన్ని ఫామ్‌గా మార్చడం ఎలా? నాకు ఎప్పుడూ తామర పువ్వే వస్తోంది.

అందరికీ అదే వస్తుంది. ఆశ అంటే పైకి లేచే రెక్క, బాధ అంటే చీకటి గది, స్త్రీ అంటే వంపు. మొదటి రోజు వచ్చిన ఈ బొమ్మలన్నీ గీసేసి పక్కన పెట్టండి, లేకపోతే అవి బుర్రలోంచి పోవు.

తర్వాత రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టుకోండి. ఒకటి మన ఊళ్లోనే ఉంది. నుంగంబాక్కం దగ్గర వళ్లువర్ కోట్టం, తిరుక్కురళ్ రాసిన తిరువళ్లువర్ స్మారకం, 1976 నాటిది. తిరువారూరు తేరు నమూనాలో రాతి రథం కట్టారు, మంటపంలో 1330 కురళ్లనూ చెక్కించారు. చూడదగ్గ కట్టడమే. అయితే అక్కడ సాహిత్యం గోడ మీది రాతగా ఉంది. ఆ రాత తీసేసి ఇంకో గ్రంథం చెక్కినా రథం రథంగానే ఉంటుంది.

రెండోది కట్టనే లేదు. 1938లో జుసెప్పె టెరాన్యి, పియెత్రో లింజేరి రోమ్ కోసం గీసిన డాంటెయుమ్. ఇటలీ కవి దాంతే నరకం నుంచి స్వర్గందాకా ప్రయాణం రాసిన "డివైన్ కామెడీ" కావ్యంలో వంద సర్గలు, అందుకే మొదట్లోనే వంద స్తంభాలు చీకటి అడవిలా కిక్కిరిసి ఉంటాయి. తర్వాత నరకం గది. అందులో నేలని బంగారు నిష్పత్తి ప్రకారం చతురస్రాలుగా కోశారు, చతురస్రం చిన్నదవుతున్న కొద్దీ స్తంభం సన్నబడుతుంది. చివర స్వర్గంలో 33 గాజు స్తంభాలు. పైన ఒక్క అక్షరం రాయక్కర్లేదు, నడిచేవాడికి బరువు తగ్గుతున్నట్టు తెలుస్తుంది. యుద్ధం రావడంతో అది కాగితం మీదే ఆగిపోయింది, అయినా ఇవాళ్టికీ స్టూడియోల్లో చూపిస్తూనే ఉన్నారు.

మీ రచనతో ఇలా చేయండి. కథలో ఏం జరిగిందో ఒక పేపరు మీద, కథ ఎలా నడిచిందో ఇంకో పేపరు మీద రాయండి. "భర్త చనిపోయాడు" మొదటి పేపరు. "ఆ సంగతి మనకి చివరి పేజీలో గానీ తెలియదు, కానీ మూడో పేజీ నుంచే ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది" రెండో పేపరు. రెండో పేపరుతో మాత్రమే ప్లాన్ గీయగలరు. మనిషి లోపలికి రాగానే కనిపించే, కానీ చివరిదాకా చేరలేని గది ఒకటి అప్పుడే దొరుకుతుంది.

పద్యం ఛందస్సు మీద గ్రిడ్ వేయొచ్చా? మా సార్ గిమ్మిక్ అన్నారు.

గణాల లెక్కని స్తంభాల లెక్కగా మార్చి అక్కడే ఆపేస్తే సార్ చెప్పింది నిజమే. ఇంకాస్త ముందుకి వెళ్తే మంచి సంగతులు దొరుకుతాయి. ఆటవెలదినే చూద్దాం. వేమన పద్యాల వల్ల దీని నడక అందరికీ నోటికొచ్చు. పేరుకి అర్థం నాట్యం చేసే స్త్రీ, కాబట్టి సాహిత్యం, కదలిక రెండూ ఒకే మాటలో ఉన్నాయి.

ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్య గణాలు, తర్వాత రెండు ఇంద్ర గణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్య గణాలే. మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికే కాలం. సూర్య గణానికి 3 మాత్రలు, ఇంద్ర గణానికి 4 లేదా 5. మాత్రకి ఒక మీటరు అనుకోండి. మొదటి వరస 3, 3, 3, 5, 5, మొత్తం 19 మీటర్లు. రెండో వరస 3 మీటర్లవి అయిదు, మొత్తం 15. మూడోది మళ్లీ 19, నాలుగోది 15. 3 నుంచి 5 మీటర్ల స్పాన్ (స్తంభాల మధ్య దూరం) అంటే మామూలు ఆర్‌సీసీ బీమ్‌కి హాయి. రెండో, నాలుగో వరసల చివర 4 మీటర్లు ఖాళీ మిగులుతుంది. అది వరండా అవుతుంది, చిన్న ముంగిలి అవుతుంది. ఇంద్ర గణం 4 మాత్రలదైతే ఆ ఖాళీ కూడా మారుతుంది, అంటే ఏ పద్యం తీసుకున్నారన్న దాన్ని బట్టి భవనం అంచు మారుతుంది.

అసలు రుచి యతిలో, అంటే పాదం మధ్యలో అక్షరాల పొత్తు కుదిరే నియమంలో ఉంది. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. ఒకటి, మూడు పాదాల్లో సరిగ్గా అక్కడే 3 మీటర్ల బే (స్తంభాల మధ్య చోటు) 5 మీటర్లుగా విప్పారుతుంది. గుమ్మం దగ్గర చూసినదేదో, ఒక కిటికీ కావచ్చు, రాతి మెట్టు కావచ్చు, అలాంటిది అక్కడ మళ్లీ ఎదురవ్వాలి. అచ్చం అదే పెడితే కాపీ అవుతుంది, దానికి బంధువు అనిపించేది పెట్టాలి. యతి అంటే అదే కదా. మాకు ఇంటర్‌లో ఈ పాఠం మార్కుల కోసం బట్టీ పట్టించారు. ప్లాన్ గీశాక గానీ నాకు యతి అర్థం కాలేదు.

నవలలో ఇల్లు చక్కగా వర్ణించారు. ఆ ఇల్లే గీసేస్తే?

గీయండి, కానీ అది మీ నోట్సు. సబ్‌మిషన్‌కి పనికిరాదు. వీధి అరుగు, వసారా, మండువా, పెరడు అని రచయిత రాసినప్పుడు ఎవరిని ఎక్కడిదాకా రానిచ్చారో చూడండి. బాకీవాడు అరుగు దాటడు, చుట్టాలు మండువాదాకా వస్తారు, పాలమనిషి పెరటి గుమ్మం నుంచే వెళ్లిపోతుంది. మీ లైబ్రరీలోనో కోర్టులోనో ఆ హద్దులు ఎక్కడ పడతాయన్నదే మీ డిజైన్. ఇలాంటి ఇళ్లు కళ్లతో చూడాలంటే ఈసీఆర్ మీద ముట్టుకాడులోని దక్షిణచిత్రకి వెళ్లండి. పాత ఇళ్లని విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు, వాటిలో నల్గొండ ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు కూడా ఉంది. మగ్గం కోసం ఇంట్లో ఎంత చోటు పోయిందో నిలబడి చూడండి.

## కదలిక నుంచి మొదలుపెట్టేవాళ్లకి

డాన్స్ వీడియో ట్రేస్ చేస్తే పిచ్చి కర్వ్‌లే వస్తున్నాయి. ఎలా కొలవాలి?

చేతి చివర గీసే గీతని పట్టుకుంటే ఎప్పుడూ ముగ్గే వస్తుంది. దాన్ని పైకి లాగితే ఏ నాట్యమైనా ఒకేలాంటి రిబ్బన్ బిల్డింగ్ అవుతుంది. కొలవాల్సినవి వేరే ఉన్నాయి.

మొదట ఎత్తు. గోడకి 10 సెంటీమీటర్ల గళ్లున్న చార్టు అంటించి, ఫ్రెండ్‌ని దాని ముందు నిలబెట్టండి. నిటారుగా నిలబడినప్పుడు తల ఎక్కడుంది, అరమండిలో మోకాళ్లు పక్కలకి తిప్పి సగం కూర్చున్నప్పుడు ఎక్కడికి దిగింది, పూర్తిగా కూర్చుంటే ఎక్కడికి. ఈ మూడు గీతలే మీ సెక్షన్‌కి (భవనాన్ని నిలువుగా కోసినట్టు గీసే బొమ్మకి) మొదటి కొలతలు. కిటికీ గడప, అరుగు ఎత్తు, చూరు వీటితో మాట్లాడాలి. తర్వాత పాదాలు. నేల మీద బ్రౌన్ పేపర్ పరిచి, కాళ్లకి ముగ్గుపిండి రాసి ఒక అడవు (నాట్యంలో మూల అడుగుల వరస) చేయమనండి. పేపరు మీద పడిన ముద్రలు ప్లాన్. ఎంత గట్టిగా తట్టిందో పిండి చెదిరిన తీరే చెబుతుంది. కూచిపూడి తరంగంలో నర్తకి పళ్లెం అంచు మీద నిలబడి కదిలేటప్పుడు ఎంత జరిగిందో కూడా చూడండి. అంత చిన్న పళ్లెం మీద నిలబడే రంగస్థలం మొత్తాన్ని వాడుకుంటుంది. 1963లో కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు తన అకాడమీ పెట్టింది ఈ ఊళ్లోనే కాబట్టి కూచిపూడి నేర్పేవాళ్లు చెన్నైలో దొరకడం కష్టం కాదు.

కాలాన్ని పట్టాలంటే 1880ల్లో ఫ్రాన్స్‌లో ఎత్యెన్ జూల్ మారే చేసిన పని గుర్తుపెట్టుకోండి. మనిషికి నల్లబట్టలు వేసి, చేతులకీ కాళ్లకీ తెల్లటి చారలు అంటించి, ఒకే ప్లేటు మీద వరసగా ఫోటోలు తీశాడు. నల్ల టీషర్టు, తెల్ల టేపు ఉంటే హాస్టల్ టెర్రస్ మీద మీరూ చేయొచ్చు. గీతలు దగ్గర దగ్గరగా పడ్డచోట కదలిక నెమ్మదించింది, దూరంగా పడ్డచోట వేగం పుంజుకుంది. స్తంభాల దూరానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు తెలియదు. రాసుకోడానికి పద్ధతి కావాలంటే రుడాల్ఫ్ లాబాన్ 1928లో ప్రచురించిన నాట్యలిపి ఉంది. పూర్తిగా నేర్చుకోనక్కర్లేదు. గీత పొడవు పెరిగితే కాలం పెరిగినట్టు అన్న ఒక్క సూత్రం తీసుకున్నా చాలు.

చూసేవాళ్ల సంగతి ఏంటి? సీట్లు ఎలా పెట్టాలి?

మన నాట్యాల్లో పాదాలు కనబడాలి, అందరూ మర్చిపోయేది ఇదే. వేదిక మరీ ఎత్తయితే ముందు వరసకి పాదాలు కనబడవు. సీట్లు చదునుగా ఉంటే వెనక వరసకి ముందువాళ్ల తలలే కనబడతాయి. సెక్షన్‌లో ప్రతి వరస కంటి నుంచి వేదిక ముందంచుకి గీత గీసి చూడండి, తప్పు ఎక్కడో తెలిసిపోతుంది. తిరువాన్మియూర్‌లో కళాక్షేత్ర కూత్తంబలానికి వీలైతే ఒక ప్రదర్శనకి వెళ్లండి. కేరళ గుళ్లలోని నాట్యశాలల పద్ధతిలో అప్పుకుట్టన్ నాయర్ రూపొందించారు. వాలు కప్పు కింద, స్తంభాల మధ్య కూర్చుంటే మనిషి సైజు నాట్యం మనిషి సైజులోనే కనిపిస్తుంది.

నాకు డాన్స్ గురించి ఏమీ తెలియదు. మామూలు జనం నడకని తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. చెన్నైలో ఆ పనికి టీ నగర్‌ని మించిన చోటు లేదు. ఒకే కిలోమీటరులో మూడు రకాల నడకలు చూడొచ్చు. రంగనాథన్ వీధిలో భుజానికి భుజం తగిలే నడక. పాండీ బజార్‌లో 2019లో వెడల్పు చేసిన కాలిబాట మీద కూర్చుంటూ లేస్తూ సాగే నడక. మాంబలం స్టేషన్ నుంచి బస్టాండ్‌దాకా 2023లో తెరిచిన సుమారు 570 మీటర్ల స్కైవాక్ మీద ఇంటికి చేరాలన్న తొందర నడక.

ప్రవాహాన్ని బాణాలతో గీస్తే అన్ని షీట్లూ ఒకేలా ఉంటాయి. ఆగినచోట్లు గీయండి. పూలమ్మి దగ్గర ఎందుకు ఆగారు? నీడ వల్లా, వాసన వల్లా, చెప్పు తెగడం వల్లా? పావుగంట చొప్పున పొద్దున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి ఏడింటికి ఒకే చోట నిలబడి లెక్కించండి. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ లారెన్స్ హాల్‌ప్రిన్ 1965లో "మోటేషన్" అనే రాత పద్ధతి ప్రచురించాడు. నడిచేవాడికి ఒక్కో అడుగులో ఏం కనిపిస్తుందో వరసగా రాసుకునే పద్ధతి అది. ఆయన భార్య ఆనా నర్తకి, ఆ ఇంట్లో ఈ ఆలోచన పుట్టడంలో వింతేముంది. జనం ముఖాలు ఫోటోల్లో పడకుండా చూసుకోండి, షీట్‌లో మనుషుల్ని గీతలుగా గీస్తే చాలు.

మైలాపూర్ వాళ్లయితే కపాలీశ్వర గుడి చుట్టూ నాలుగు మాడవీధులు తీసుకోండి. పంగుని ఉత్సవంలో తేరు మలుపు తిరిగేటప్పుడు చూస్తే, ఆ మూల అంత వెడల్పు ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది.

ర్యాంపు పెడితే కదలిక వచ్చినట్టేనా?

కాదు. 1:12 వాలులో 3 మీటర్లు ఎక్కాలంటే ర్యాంపే 36 మీటర్లు, మధ్యలో ఆగే చదునులు అదనం. అంత దూరం మనిషిని నడిపిస్తున్నారంటే దారిలో ఏదో చూపించాలి. లేదంటే మెట్లు, లిఫ్టు పెట్టేయండి.

## ఉన్న భవనం నుంచి మొదలుపెట్టేవాళ్లకి

అందరూ సెంట్రల్ స్టేషన్, హైకోర్టు చేస్తున్నారు. వేరే ఏం తీసుకోవాలి?

ఎర్ర ఇటుకల భవనాలే కావాలంటే మెరీనా ఎదురుగా సెనేట్ హౌస్ ఉంది, రాబర్ట్ చిజమ్ రూపొందించాడు, 1870ల నాటిది. కానీ కొంచెం అటుపక్క చూడండి. మౌంట్ రోడ్‌లో 1959లో తెరిచిన ఎల్ఐసీ భవనం ఎవరూ తీసుకోరు. అప్పట్లో ఊరంతా తలెత్తి చూసిన బిల్డింగ్, ఇప్పుడు బస్సులోంచి ఎవరూ చూడరు. ఆ మార్పే ఒక ప్రాజెక్టు.

ఇంకా మంచి ఛాయిస్, పేరు లేని ఇల్లు. ట్రిప్లికేన్, మైలాపూర్ సందుల్లో మద్రాస్ టెర్రస్ కప్పున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. టేకు దూలాలు, వాటి మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి, సున్నంతో కలిపి, పైన ఇటుక ముక్కల కాంక్రీటు వేసి దంచిన కప్పు. దూలానికి దూలానికి దూరం కొలవండి, ఆ ఇంటి గదుల వెడల్పులన్నీ ఎందుకు అంతే ఉన్నాయో తెలిసిపోతుంది. ఇంటివాళ్లని అడిగి, చెప్పులు విప్పి, వాళ్లిచ్చిన కాఫీ తాగి కొలుచుకోండి. ఏ హెరిటేజ్ భవనంలోనూ ఇంత మర్యాద దొరకదు.

ఇన్‌స్పిరేషన్‌కి, కాపీకి తేడా ఎలా చూపించాలి?

బెంగళూరు ఐఐఎంకి వీకెండ్ ట్రిప్ వేయండి. ఆర్కిటెక్ట్ బి.వి. దోషి ఆ క్యాంపస్‌కి మొగలుల కాలం నాటి ఫతేపూర్ సిక్రీ నుంచి ప్రేరణ తీసుకున్నారు. కానీ అక్కడ ఎర్ర రాయీ లేదు, గుమ్మటాలూ లేవు. ముంగిళ్ల నుంచి ముంగిళ్లకి సాగే నడవలు, ఎక్కడ లోపలున్నామో ఎక్కడ బయటున్నామో తేల్చి చెప్పలేని చోట్లు తీసుకున్నారు. ఎండ మండే ఊరి పద్ధతిని బెంగళూరు చల్లదనానికి తగ్గట్టు, గ్రానైట్‌తో, తీగలు పాకే పందిళ్లతో మార్చారు. మీ షీట్ మీద కూడా ఇలాగే ఒక్క వాక్యం రాయగలగాలి: "ఈ భవనం నుంచి ఈ నియమం తీసుకున్నాను, ఇక్కడ ఇలా మార్చాను." మార్చింది రాయలేకపోతే అది కాపీ.

టేపు తీయగానే సెక్యూరిటీ అంకుల్ ఆపేస్తున్నారు. ఏం చేయాలి?

కాలేజీ లెటర్ రెండు కాపీలు, ఒకటి తమిళంలో. లెటర్ పని చేయని రోజు మీ ఒళ్లే టేపు. ఇంట్లోనే మీ జాన, మూర, బార, ఒక అడుగు దూరం మిల్లీమీటర్లలో కొలిచి ఫోన్‌లో రాసుకోండి. గోడ మీద చెయ్యి ఆనించి నడిచేవాణ్ణి ఎవరూ ఆపరు. ఎత్తుకి ఒక మెట్టు కొలిచి మెట్లు లెక్కపెట్టండి. ఫ్రెండ్‌ని గోడ పక్కన నిలబెట్టి ఫోటో తీస్తే అతని ఎత్తు స్కేలు అవుతుంది. కోర్టులు, స్టేషన్లలో అనుమతి లేకుండా ఇదీ వద్దు.

## డిజైన్ ముదిరాక

కాన్సెప్ట్ బాగుందంటున్నారు, ప్లాన్ మాత్రం రావట్లేదు. నాలుగు వారాలైంది. టెన్షన్‌గా ఉంది.

ప్లాన్ పక్కన పెట్టి 1:50లో ఒక్క సెక్షన్ గీయండి. భవనం మొత్తానిది అక్కర్లేదు, మీ ఆలోచన గట్టిగా కనిపించే ఒక్క చోటుది. అందులో మనిషి, నేల, కప్పు, వెలుతురు వచ్చే దారి ఉండాలి. అది గీయలేకపోతే కాన్సెప్ట్ ఇంకా మాటల్లోనే ఉంది. గీయగలిగితే ప్లాన్ ఆ చోటు నుంచి రెండు పక్కలకీ పెరుగుతుంది. మెట్లు, టాయిలెట్లు, స్టోర్, జనరేటర్ గది ఒక చిన్న కాగితంలో అదే స్కేలుకి కత్తిరించి పెట్టుకుని పక్కన జరుపుతూ ఉండండి. ఒక్కసారి వాటికి చోటు దొరికితే రాత్రి నిద్ర పడుతుంది.

చెన్నై ఎండ, వాన నా కాన్సెప్ట్‌ని పాడుచేస్తున్నాయి.

నేను మూడో సంవత్సరంలో ఒక నవల తీసుకుని, కథానాయిక దుఃఖాన్ని భవనం నడిబొడ్డున లోతైన నీటి ముంగిలిగా చేశాను. మోడల్‌లో నీలం యాక్రిలిక్ షీట్ మెరుస్తుంటే నాకే కళ్లు చెమ్మగిల్లాయి. జ్యూరీలో ఒకాయన అడిగారు, "డిసెంబర్‌లో ఈ దుఃఖం ఎటు పారుతుందమ్మా?" 2015 వరదలు చూసిన ఊళ్లో నేల మట్టానికి మూడు మీటర్ల కింద గుంట తవ్వి, డ్రెయిన్ గీయలేదు. ఇంకేం మాట్లాడతాను.

అప్పటి నుంచి ముందే రాసుకునేవి ఇవి. వాన ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. సముద్రపు గాలి మధ్యాహ్నానికి తూర్పు నుంచి లేస్తుంది, సరిగ్గా పడమటి గోడ కాలుతున్న వేళకి. కాబట్టి తూర్పున తెరవడం, పడమట మూయడం ఇక్కడ కవిత్వం కంటే ముందు రావాలి. మనం 13 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. "నార్త్ లైట్" అని పుస్తకంలో చదివి ఉత్తరాన గాజు పెట్టేసేవాళ్లు ఇది చూసుకోండి. ఎత్తు నుంచి పడే ఎండ కాబట్టి ఆ వైపు చిన్న ఛజ్జా (సన్‌షేడ్) చాలు, కానీ అసలు లేకపోతే కుదరదు. సముద్రానికి దగ్గర సైట్ అయితే తీర ప్రాంత నియంత్రణ రూల్స్ పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా వర్తిస్తాయి, సైట్ ఖాయం చేసుకునే ముందే చూసుకోవాలి.

చూరు లోతు, నీళ్లు దిగే దారి, గాలి వచ్చే కంత మీ కథలో పాత్రలైతే కాన్సెప్ట్ పాడవ్వదు. నా ముంగిలి నిజానికి ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండి, మూడు నెలలు నిండేదిగా ఉంటే ఆ నవలకి ఎంత సరిపోయేదో తర్వాత తట్టింది.

జ్యూరీలో "ఈ పుస్తకం చదవని మనిషికి ఈ భవనం ఎందుకు?" అని అడిగితే?

అడుగుతారు, తప్పదు. ముందుగా మీ భవనంలో ఒక మనిషిని అనుకోండి, చదవడం రాని వాచ్‌మన్ అనుకోండి. ఆయనకి మధ్యాహ్నం ఎక్కడ కూర్చోబుద్ధవుతుంది, ఎందుకు? ఆ చోటు చూపించి జవాబు చెప్పండి. ఇంగ్లీషు తడబడితే కంగారుపడకండి, పెన్సిల్‌తో షీట్ మీద చూపిస్తూ చిన్న చిన్న వాక్యాలు చెబితే చాలు.

ఏఐతో బొమ్మలు చేయించి పెట్టొచ్చా?

మీ కాలేజీ రూల్ అడిగి తెలుసుకోండి. నా అనుభవంలో చిక్కు ఒకటే. బొమ్మలో కనిపించే మెట్టు ప్లాన్‌లో ఉండదు, జ్యూరీ వేలు సరిగ్గా ఆ మెట్టు మీదే పడుతుంది.

ఇంట్లో నాన్న "ఐదేళ్లు ఫీజు కడితే పద్యాల మీద ఇల్లు కడతావా" అంటున్నారు. ఏం చెప్పాలి?

వాదించకండి. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ప్లాన్ ప్రింట్ తీసుకెళ్లి అమ్మ ముందు పరచండి. గుమ్మం ఇక్కడ, లోపలికి రా అని వేలితో నడిపించండి. "ఇంత దూరం నడిచాక కాళ్లు కడుక్కునే చోటేదిరా?" అని ఆవిడ అడిగే ప్రశ్న ఏ జ్యూరీలోనూ రాదు. నాన్న కూడా అరగంటలో వచ్చి వాస్తు గురించి మొదలుపెడతారు. అంటే ప్రాజెక్టులోకి వచ్చేసినట్టే.

జ్యూరీ అయిపోయింది. ఇంత పెద్ద మోడల్ ఏం చేయాలి?

మర్నాడు పొద్దున్నే కిటికీ వెలుతురులో ఫోటోలు తీయండి. 1:100 మోడల్ అయితే నిలబడ్డ మనిషి కన్ను నేల నుంచి సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తులో ఉంటుంది, ఫోన్‌ని తలకిందులు చేసి లెన్స్ అంత కిందకి పెట్టండి. పై నుంచి తీసిన ఫోటోలు పోర్ట్‌ఫోలియోలో బొమ్మరిల్లులా కనిపిస్తాయి. తర్వాత సెక్షన్ కనిపించే ముక్క ఒక్కటి, పుస్తకమంత సైజుది, కోసి దాచుకోండి. మౌంట్ బోర్డు ఇక్కడి తేమకి వంగిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. మిగతాది హాస్టల్ రూమ్‌లో పట్టదు, పడేయండి. బేస్ బోర్డు మాత్రం ఉంచండి, జూలైలో జూనియర్లు దాని కోసమే తలుపు తడతారు.